సెసీలియమ్మ కొలువు

యాకోబు నావ కట్టి పదకొండేళ్లయింది. కొల్లేటి లంకల్లో ఇప్పుడు ఎవరిని చూసినా ఫైబరు పడవలే కొంటున్నారు. అవి తేలిగ్గా ఉంటాయి, చెదలు పట్టవు, ఫోను చేస్తే లారీ మీద వచ్చి దిగుతాయి. అంచేత అరవై ఏడేళ్ల యాకోబు, తండ్రి దగ్గర నేర్చిన పనంతా పక్కనపెట్టి, కైకలూరులో గుమ్మాలు బిగించుకుంటూ, చర్చి బెంచీలకు కాళ్లు అతుకుతూ రోజులు వెళ్లదీస్తున్నాడు. పనికి లోటు లేదు. కానీ ఎక్కడికెళ్లినా గుమ్మం గుమ్మంలాగే ఉంటుంది, నావ అయితే ఏ రెండూ ఒకలా ఉండవు. ఆ ముక్క ఇంట్లో వినీ వినీ భార్య యేసమ్మకి విసుగొచ్చేసింది.

మార్చి నెలలో ఓ పొద్దున్న గంగరాజు గారు చంకలో చుట్టిన క్యాలెండరు పెట్టుకుని వాళ్లింటి ముందు మోటారు సైకిలు దిగారు. గంగరాజు గారికి కైకలూరులో చేపల మేత దుకాణం ఉంది, ఏలూరు రోడ్డు పక్కన చెరువులున్నాయి. మనిషి మంచివాడే గానీ, ఏదైనా బుర్రలోకి ఎక్కిందంటే దిగేదాకా నిద్రపోడు.

"యాకోబు గారూ, మీరు నాకో ఓడ కట్టిపెట్టాలండి," అన్నారు, కుర్చీలో కూర్చోకుండానే.

క్యాలెండరు విప్పి చూపించారు. మూడు తెరచాప కొయ్యలు, రెండు పక్కలా బారులు తీరిన ఫిరంగులు, గాలికి పొట్టలు ఉబ్బిన తెల్లటి చాపలు. పాతకాలపు యుద్ధనౌక. రోడ్డు పక్కన తన చెరువుగట్టు దగ్గర అచ్చం ఇలాంటి ఓడ ఆకారంలో హోటలు పెడతారట. పైన బల్లలు, లోపల వంటగది.

"ఏలూరు బస్సులో పోయేవాళ్లు మెడలు తిప్పి చూడాలండి. నలభై అడుగులు చాలంటారా?"

"చాలండి," అన్నాడు యాకోబు. "నీళ్లలోకి ఎప్పుడు దించుతారండి?"

"అబ్బే, నీళ్లెందుకండీ? గట్టు పక్కన పల్లపు జాగా ఉంది కదా, సిమెంటు దిమ్మల మీద కూర్చోబెడదాం. పైకి ఓడలా కనపడితే చాలు. ప్లైవుడ్డు కొట్టేసి రంగు వేసేయండి."

ఓడ అన్న మాటకి పొంగిన గుండె ప్లైవుడ్డు అన్న మాటకి చల్లబడింది. అయినా యాకోబు ఒప్పుకున్నాడు. గుమ్మాల కంటే నయం కదా అనుకున్నాడు.

బొమ్మ కింద చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయి. యాకోబు కోడలు రూబీ హైస్కూల్లో సోషల్ టీచరు. కొడుకు విజయ్ కుమార్ పెదవేగిలో ఆయిల్‌పామ్ తోటల దగ్గర ట్రాక్టర్లు చూసుకుంటూ వారానికోసారి ఇంటికొస్తాడు. రూబీ వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని ఆ అక్షరాలు చదివింది.

"సెసీలియా. ఇంగ్లీషువాళ్ల ముప్ఫై రెండు ఫిరంగుల యుద్ధనౌక. పదిహేడువందల తొంభై మూడట మావయ్యగారూ."

"అయితే అమ్మా, నువ్వో పని చెయ్యాలి," అన్నారు గంగరాజు గారు. "దీని చరిత్రంతా తవ్వి తియ్యి. ఎన్ని యుద్ధాలు గెలిచింది, ఎంతమందిని ముంచింది, అన్నీ. గుమ్మం పక్కన పెద్ద బోర్డు పెడదాం. భోజనాలు వచ్చేలోపు జనం చదువుకుంటూ ఉంటారు."

రూబీ సరేనండి అంది. ఆ పనిలో అందరికంటే ఎక్కువ ఇష్టంగా పడింది కూడా ఆవిడే. పది రోజులు ఫోనులో వెతికితే, పాత కాగితాలు ఫోటోలు తీసి పెట్టిన చోటు ఒకటి దొరికింది. ఆ సాయంత్రం బడి నుంచి సరాసరి యాకోబు పనిచేస్తున్న చెరువుగట్టుకే వచ్చేసింది.

"ఓడలకి కూడా సర్వీసు రిజిస్టరు ఉంటుందండీ మావయ్యగారూ, అచ్చం మా టీచర్లకి ఉన్నట్టే. ఎప్పుడు చేరింది, ఎక్కడికి బదిలీ అయింది, ఎప్పుడు మరమ్మతుకు పోయింది, ఎప్పుడు రిటైరైంది, అన్నీ తారీఖులతో సహా రాశారు."

"చదవమ్మా," అన్నాడు యాకోబు, బాడిశ కిందపెట్టి.

అలా మొదలైంది. రోజూ బడి అయ్యాక రూబీ వచ్చి దుంగ మీద కూర్చునేది. యాకోబు, అతని బావమరిది బెంజమిన్ పని ఆపి టీ తాగుతుంటే, వాళ్లకి సెసీలియా కథ కొంచెం కొంచెం చదివి తెలుగులో చెప్పేది.

ఓడని నదిలోకి దించిన రోజున ఊరు ఊరంతా వచ్చిందట, బ్యాండు వాయించారట. ఓడ దర్జాగా కదిలి, నది మొగ దాటకుండానే బురదలో కూరుకుపోయింది. పదహారు రోజులు అక్కడే ఉంది.

"అదును చూసుకోకుండా దించారన్నమాట," అన్నాడు బెంజమిన్ జాలిగా.

నాలుగేళ్ల తరవాత సముద్రంలో శత్రువుల ఓడ ఒకటి కనపడితే, సెసీలియా దాన్ని నాలుగు రోజులు తరిమింది. ఐదో రోజు దగ్గరికెళ్లి చూస్తే అది తమవాళ్ల ఓడే. అవతలివాళ్లు కూడా దీన్ని శత్రువనుకునే పారిపోతున్నారట. రెండు ఓడల కెప్టెన్లూ కలిసి భోంచేసి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇంకొకసారి పెద్ద యుద్ధం జరుగుతోందంటే బయల్దేరింది గానీ, ఎదురుగాలి వల్ల రెండు రోజులు ఆలస్యంగా చేరింది. అప్పటికి యుద్ధం అయిపోయింది. కొయ్యలు విరిగిన ఓడలకి తాళ్లు కట్టి లాక్కురావడం, దెబ్బలు తగిలినవాళ్లని ఆసుపత్రికి చేర్చడం దీనికి అప్పగించారు. ఆ పని బాగా చేసిందని పైవాళ్లు మెచ్చుకున్నట్టున్నారు, అప్పటినుంచీ మోతపనులన్నీ దీనికే. ధాన్యం, మందుగుండు, మంచినీళ్ల పీపాలు. ఒకసారి ఎవరో గవర్నరు గారి భార్య పియానో, మూడు ఆవులు.

"పాపం సెసీలియమ్మ," అన్నాడు యాకోబు. ఆ రోజు నుంచి అందరికీ అది సెసీలియమ్మే అయింది.

ఒక శుక్రవారం రూబీ వస్తూనే, "ఇవాళ మీకు నచ్చే ముక్క ఉందండీ," అంది. "పద్దెనిమిది వందల తొమ్మిదిలో సెసీలియమ్మ మన వైపు వచ్చింది. బంగాళాఖాతంలో ఉండగా అడుగున నీళ్లు కారడం మొదలెట్టిందట. మూడు వారాలు రాత్రీ పగలూ పంపులతో తోడుకుంటూ కోరంగి తెచ్చారు."

"కోరంగా? మన కాకినాడ పక్కన కోరంగేనా?"

"అదేనండీ. అక్కడ బురదలో రేవు తవ్వి, ఓడని పక్కకి వాల్చి చూశారు. చెక్కలు గట్టిగానే ఉన్నాయి. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో దొరల వడ్రంగులకి అంతుపట్టలేదు. అప్పుడు ఆ ఊరి వడ్రంగి ఒకాయన సుత్తి పుచ్చుకుని ఒక్కో మేకు తలా తట్టుకుంటూ వెళ్లి, కొన్నిటి దగ్గర ఆగి, ఇవి మేకులు కావన్నాడట. పీకి చూస్తే నిజంగానే వట్టి తలకాయలు. పైకి రాగి మేకులాగే ఉంది, లోపల ఏమీ లేదు. కట్టిన కంట్రాక్టరు రాగి మిగుల్చుకున్నాడు. అలాంటివి నూట నలభై దొరికాయి."

యాకోబు టీ గ్లాసు కిందపెట్టి ముందుకు వంగాడు.

"పదహారేళ్లు అలాగే తిరిగిందా?"

"తిరిగిందండీ."

"కనిపెట్టిన ఆ వడ్రంగి పేరేంటి?"

రూబీ ఫోనులో ముందుకీ వెనక్కీ జరిపి చూసింది. "రాయలేదండీ. 'ఊరి వడ్రంగి ఒకడు' అని ఉంది, అంతే."

మర్నాడు పొద్దున్నే యాకోబు గంగరాజు గారి దుకాణానికి వెళ్లి, ప్లైవుడ్డు వాపసు పంపించేయమన్నాడు. మద్ది పలకలు కావాలన్నాడు, వంపులకి తుమ్మ దుంగలు, గుగ్గిలం, పత్తి కావాలన్నాడు.

"నీళ్లలోకి దించేది కాదు కదండీ," అన్నారు గంగరాజు గారు.

"కాదండి. కానీ నేను పైకి ఒకటీ లోపల ఒకటీ చెయ్యలేనండి. నా కూలి మామూలుదే ఇవ్వండి, పని మటుకు నన్ను చెయ్యనివ్వండి."

ఆ పెద్దమనిషి మొహం చూసి గంగరాజు గారు కాదనలేకపోయారు. జూన్‌లో తెరవాల్సిన హోటలు సెప్టెంబరుకి జరిగింది.

ఆ నాలుగు నెలలూ యాకోబుకి పాతికేళ్ల వయసు తిరిగొచ్చినట్టయింది. నలభై అడుగుల అడుగుభాగం బల్లపరుపుగా, కొల్లేటి నావలకి ఉండేట్టే పెట్టాడు. లోతులేని నీళ్లలో అదే మంచిది. పైభాగం మాత్రం బొమ్మలో ఉన్నట్టు. పలకా పలకా కలిసే చోట పత్తి వత్తులు కూరి, నూనెలో మరిగించిన గుగ్గిలం పోశాడు.

"బావా, ఇది నీళ్లలో దిగదని తెలిసీ ఇంత గుగ్గిలం ఎందుకు?" అన్నాడు బెంజమిన్, పొగకి కళ్లు నలుపుకుంటూ.

"దిగదని మనకి తెలుసు. దానికి తెలీదు కదరా."

ఓడ ముక్కు దగ్గర ఆ రోజుల్లో ఆడమనిషి బొమ్మ చెక్కి పెట్టేవారని రూబీ చెప్పింది. యాకోబు వేపమొద్దు తెచ్చి వారం రోజులు చెక్కాడు. చూడ్డానికొచ్చిన యేసమ్మ చుట్టూ తిరిగి చూసి, "ముక్కు నాదే. ఆ చెంపలు మటుకు నాకు పెళ్లినాటికి ఉండేవి," అని వెళ్లిపోయింది. యాకోబు ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఫిరంగులకి గంగరాజు గారు ప్లాస్టిక్ పైపులు తెచ్చి నల్లరంగు వేయించారు. మూడు కొయ్యలకీ ఏలూరు నుంచి దీపాల తోరణాలు తెప్పించారు. అంతా బాగానే ఉంది గానీ, ఆగస్టులో రూబీ తయారుచేసిన చరిత్ర చదివేసరికి ఆయన మొహం వాడిపోయింది.

"ఒక్క యుద్ధమూ గెలవలేదా అమ్మా?"

"లేదండీ. కానీ పద్దెనిమిది వందల పన్నెండులో పెద్ద తుఫానులో చిక్కుకుంది. తిరగబడిపోకుండా కొయ్యలు మూడూ నరికి సముద్రంలో పడేశారు. ఆ స్థితిలో ఉండి కూడా, పక్కన మునిగిపోతున్న ఓడలోంచి రెండొందల పది మందిని ఎక్కించుకుంది."

"ఎవరి ఓడ?"

"శత్రువులదండీ."

గంగరాజు గారు కాసేపు ఓడని, కాసేపు రూబీని చూశారు. "ముంచాల్సినవాళ్లని ఎక్కించుకుందా? ఇదేం యుద్ధనౌకమ్మా? పోనీ ఏడు యుద్ధాలు గెలిచిందని రాసేద్దూ. ఎవరొచ్చి చూస్తారు?"

"నేను రాయలేనండీ. రేపు నా క్లాసు పిల్లలే వచ్చి చదువుతారు," అంది రూబీ మెత్తగా. మెత్తగానే అన్నా ఇక కదలదని యాకోబుకి తెలుసు. బోర్డు నల్లరంగు వేసి ఖాళీగానే వదిలేశారు.

హోటలు తెరవడం సెప్టెంబరు మొదటి ఆదివారం అనుకున్నారు. గురువారం పట్టిన వాన శుక్రవారం కూడా వదల్లేదు. బుడమేరు, తమ్మిలేరు రెండూ ఒక్కసారే పొంగి కొల్లేటిలోకి వచ్చి పడ్డాయి. శనివారం తెల్లారి ఎనిమిది గంటలకి యాకోబు, బెంజమిన్ ఓడ ముందు అతిథుల కోసం వేసిన పందిరి మీద టార్పాలిన్లు కట్టడానికి వచ్చేసరికి, చెరువుకీ గట్టుకీ తేడా తెలియకుండా నీళ్లున్నాయి. గంగరాజు గారు అప్పటికే ఓడ ఎక్కి ఉన్నారు. వంటవాళ్లు ముగ్గురు, మేత బస్తాలు మోసే మనుషులు ఏడుగురు ఆయనతో ఉన్నారు. ఆదివారం భోజనాల కోసం తెచ్చిన బియ్యం, ఐసు పెట్టెల్లో చేపలు అన్నీ పైకి చేరేస్తున్నారు.

యాకోబు, బెంజమిన్ కూడా ఎక్కారు. అప్పుడు ఓడ అడుగున ఎవరో బరువు దించుకుని ఊపిరి తీసినట్టు చప్పుడైంది. నేల కొంచెం పక్కకి జరిగినట్టనిపించి వంటాయన గబుక్కున గుంజ పట్టుకున్నాడు. సెసీలియమ్మ దిమ్మల మీద నుంచి లేచింది.

యాకోబు సరాసరి కిందికి దిగిపోయాడు. టార్చిలైటు వేసి ఒక్కో సందూ అరచేత్తో తడిమాడు. వెనకవైపు ఒక మూల చెమ్మ తగిలింది. చేతికి తడి అంటుకుంది గానీ బొట్టు కారలేదు. మిగతా అంతా ఎండు. అతను అక్కడే పలకకి చెంప ఆనించి కాసేపు కూర్చున్నాడు. అవతల నీళ్లు పలక మీద తట్టడం వినిపిస్తోంది. పదకొండేళ్లు అయింది ఆ చప్పుడు విని.

పైకి వచ్చేసరికి గంగరాజు గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నారు. అవతల ఆయన పిన్ని సుబ్బాయమ్మ. ఆవిడది కొంగలంక, అక్కడికి మైలు దూరం. ఊళ్లోకి నీళ్లు వచ్చేశాయట, యాభైమంది దాకా బడి వరండా మీద ఉన్నారట. పడవలన్నీ ముందు పెద్ద ఊళ్లకి పోయాయి, సాయంత్రానికి గానీ రావంటున్నారు. వరండాకీ నీళ్లకీ జానెడే ఉంది.

గంగరాజు గారు ఫోను దించి యాకోబుని చూశారు.

"యాకోబు గారూ, ఇది నడుస్తుందాండీ?"

"తేలుతోందండి. నడవడమంటే మనం తోసుకోవడమే. పందిరి వెదుళ్లు విప్పిస్తే గెడలకి సరిపోతాయి. కానీ..." అతను చెయ్యి ఎత్తి చూపించాడు. దారికి అడ్డంగా కరెంటు తీగలు రెండు చోట్ల వేలాడుతున్నాయి. గంగరాజు గారు లైన్‌మన్‌కి ఫోను చేసి, సప్లయి తీసేశారని రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకున్నారు. అయినా పాతిక అడుగుల కొయ్యలు ఆ తీగల కింద నుంచి వెళ్లే దారి లేదు.

"కొయ్యలు తీసెయ్యాలండి," అన్నాడు యాకోబు.

"మూడూనా?"

"మూడూనండి."

గంగరాజు గారు తలెత్తి చూశారు. వానలో తడుస్తూ దీపాల తోరణాలు ఊగుతున్నాయి. ఒక్కసారైనా వెలగలేదు అవి. ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు.

"ఆ రంపం ఇలా ఇవ్వండి."

బెంజమిన్ ఒక పక్క, ఆయన ఒక పక్క పట్టి కోశారు. ముందున్న చిన్న కొయ్య పక్కకి ఒరిగి నీళ్లలో పడింది. గంగరాజు గారు రొప్పుతూ, "తుఫానులో వాళ్లు కూడా ఇలాగే కోశారంటారా?" అని యాకోబుని అడిగారు.

"గొడ్డళ్లతో నరికారంటండి. పెద్దది ముందు."

"మరి మనం చిన్నది ముందు కోశామే."

"పర్వాలేదండి, మనకి తుఫాను లేదు కదా."

గంగరాజు గారు ఆ వానలో అంత గట్టిగా నవ్వడం చూసి మేతబస్తాల మనుషులకి ధైర్యం వచ్చింది. మిగతా రెండు కొయ్యలూ పావుగంటలో పడిపోయాయి. ఎనిమిది మంది గెడలు పట్టారు. యాకోబు ముక్కు దగ్గర, యేసమ్మ పోలికలున్న బొమ్మ భుజం పట్టుకుని నిలబడ్డాడు. గట్లు ఎక్కడున్నాయో పైకి తెలియట్లేదు, కానీ యాకోబు ఆ చెరువులు తవ్వకముందు నుంచీ అక్కడ నావలు నడిపినవాడు. వరసలో నిలబడ్డ కొబ్బరిచెట్లని బట్టి, నీటి రంగుని బట్టి, కుడికి, ఎడమకి అని చెబుతూ పోయాడు. ఒకచోట అడుగు గట్టుకి రాసుకుని ఓడ ఆగిపోయింది. నలుగురు నడుంలోతు నీళ్లలోకి దిగి భుజాలు పెట్టి తోశారు. అది కదిలింది. ఎప్పుడూ నీళ్లలోకి దిగనిది ఇంత మాట వింటుందని యాకోబు కూడా అనుకోలేదు.

కొంగలంక బడి దగ్గరికి చేరేసరికి పదకొండైంది. వరండా మీద జనం ముందు ఇదేమిటో పోల్చుకోలేకపోయారు. కొయ్యల్లేకుండా, రెండు పక్కలా ఫిరంగులతో, ముందు నవ్వు మొహం ఆడమనిషితో వానలోంచి ఓడ వచ్చి వరండాకి ఆనుకుంది. డెబ్బై ఐదేళ్ల సుబ్బాయమ్మ కోళ్లగంప చంకన పెట్టుకుని ముందుకొచ్చి, కళ్లజోడు తుడుచుకుని చూసింది.

"ఒరే గంగరాజూ, ఇదేనా నువ్వు కట్టిస్తున్న హోటలు? నేను రాలేననుకున్నావా ఏంటి, గుమ్మంలోకే తెచ్చేశావు?"

ముందు పసిపిల్లల తల్లుల్ని, తరవాత ముసలివాళ్లని ఎక్కించారు. యాభై మూడు మంది, తొమ్మిది మేకలు, సుబ్బాయమ్మ కోళ్లు, ఆవిడ వదిలిపెట్టని మిక్సీ. అందరూ ఎక్కాక ఓడ ఒక అడుగు లోతుకి దిగి స్థిరంగా నిలబడింది. బడి స్తంభాలకి నాలుగు తాళ్లు కట్టారు. యాకోబు మళ్లీ కిందికి వెళ్లి చూసొచ్చాడు. చెమ్మ చెమ్మగానే ఉంది.

వంటవాళ్లు పొయ్యిలు వెలిగించారు. రేపటికని దాచిన చేపలు ఆ పూటే పులుసయ్యాయి. పందిరికి తెచ్చిన టార్పాలిన్లు పైన కట్టుకుని, కొత్త బల్లల దగ్గర కూర్చుని జనం వేడివేడిగా తిన్నారు. పిల్లలు ఫిరంగి పైపుల్లో నోళ్లు పెట్టి అరుచుకుంటూ ఆడుకున్నారు.

"పులుసులో చింతపండు తక్కువైంది," అంది సుబ్బాయమ్మ.

"రేపటికి సరిచేయిస్తాను పిన్నీ," అన్నారు గంగరాజు గారు. ఆయన భుజం మీద తువ్వాలు వేసుకుని అందరికీ స్వయంగా వడ్డించారు.

మర్నాడు పొద్దున్న మందులు, పాలు తెచ్చిన పడవలో రూబీ, యేసమ్మ కూడా వచ్చారు. యేసమ్మ మొగుడి బట్టలు, పొడి తువ్వాలు ఇచ్చి, రెండు నిమిషాలు చూపులతోనే తిట్టి, ఆ తరవాత పక్కన కూర్చుంది.

సోమవారం నీళ్లు తీశాయి. తీస్తూ తీస్తూ సెసీలియమ్మని బడి పక్కన సుబ్బాయమ్మ ఖాళీ జాగాలో, అటూ ఇటూ ఒరక్కుండా, చక్కగా కూర్చోబెట్టి పోయాయి. అసలు దిమ్మలేమో మైలు దూరంలో రోడ్డు పక్కన ఉండిపోయాయి. క్రేను తెప్పించే మాట గంగరాజు గారు ఎత్తేసరికి సుబ్బాయమ్మ ఒప్పుకోలేదు. "దాన్ని కదిలిస్తే ఊరుకునేది లేదు. మా ఊరికి హోటలంటూ ఉందా? బస్సులో పోయేవాళ్లు మెడలు తిప్పకపోతే కొంప మునగదు. కావలసినవాళ్లే వస్తారు."

అలాగే అయింది. దసరా ముందు హోటలు కొంగలంకలోనే తెరిచారు. ముందురోజు గంగరాజు గారు రూబీ దగ్గరికి వచ్చి, "అమ్మా, బోర్డు రాసెయ్యి. ఉన్నది ఉన్నట్టు. బురదలో కూరుకున్నది కూడా రాయి," అన్నారు. రూబీ రెండు పూటలు కూర్చుని తెల్లరంగుతో అంతా రాసింది. నదిలోకి దించిన రోజు నుంచి, ముప్ఫై ఎనిమిదేళ్ల కొలువు చేసి, చివరికి ఏదో రేవులో ధాన్యం కొట్టుకి దూలాలైన దాకా. కోరంగి దగ్గరికి వచ్చేసరికి, ఆ వడ్రంగి మాట వదలొద్దని యాకోబు అడిగాడు. పేరు లేకపోయినా సరే, ఆయన ఉన్నాడని తెలియాలన్నాడు. మొన్నటి వరద కూడా కింద చేర్చమంటారా అని రూబీ అడిగితే మటుకు వద్దన్నాడు.

"అది ఆ పాత సెసీలియమ్మ కొలువమ్మా. ఆవిడది ఆవిడకే ఉండనీ."

నవంబరులో కొంగలంక పెద్దలు నలుగురు కలిసి యాకోబు ఇంటికి వచ్చారు. ఊరికంతటికీ కలిపి పెద్ద నావ ఒకటి కావాలన్నారు. చెక్కది. ఎప్పుడూ బడి పక్కనే కట్టి ఉంచుతారట. ఫైబరుది తొందరగా వస్తుంది కదండీ అని యాకోబే గుర్తుచేశాడు. తొందరేం లేదండి, మీరు కట్టిందే కావాలన్నారు వాళ్లు.

కలప కోసం గంగరాజు గారి ట్రాలీ వేసుకుని యాకోబు, బెంజమిన్ తాడేపల్లిగూడెం వెళ్లారు. డిపో యజమాని శ్రీహరి చిన్నవాడు. గుమ్మాలకి సరిపోయే సైజులన్నీ ఒకవైపు పేర్చి ఉన్నాయి, అటు తీసుకెళ్లాడు.

"ఇవి కాదండి," అన్నాడు యాకోబు. "వంకరవి చూపించండి."

"వంకరవి ఎందుకండీ? అందరూ తిన్నటివి అడుగుతారు. వంకరవి పొయ్యిలోకి పోతాయి."

"ఎక్కడున్నాయండి?"

డిపో వెనక, గోడ పక్కన గడ్డిలో పడేసి ఉన్నాయి. యాకోబు పంచె ఎగ్గట్టి వాటి మధ్యకి వెళ్లాడు. ఒక్కొక్కదాన్నీ కాలితో దొర్లించి, వంపు చూసి, కణుపు చూసి, పక్కన పెట్టించాడు. ఒక తుమ్మ దుంగ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అది ఒకవైపు నుంచి చూస్తే విల్లులా వంగి, చివర కొంచెం పైకి లేచి ఉంది. అతను దాని వీపు నిమిరి, బెంజమిన్‌ని పిలిచాడు.

"ముక్కు దీంతోనే పెడదాం. చూశావా, సగం పని చెట్టే చేసి పెట్టింది."

శ్రీహరి ఆ దుంగని, ఆ పెద్దాయన్ని మార్చి మార్చి చూసి, తను కూడా వంగి ఒక చివర పట్టాడు. ముగ్గురూ కలిసి దాన్ని ట్రాలీ మీదకి ఎత్తారు. ట్రాలీ కంటే అది మూడడుగులు పొడుగు. బెంజమిన్ తన ఎర్ర తువ్వాలు విప్పి దాని చివర కట్టాడు. భీమడోలులో టీకి ఆగినప్పుడు, ఇంత వంకర కర్రతో ఏం చేస్తారండీ అని కొట్టాయన అడిగాడు.

"నావ కడతామండి," అన్నాడు యాకోబు. ఇంకో టీ చెప్పి, అదెలా కడతారో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.